సెంటున్నర లాను

మా ఇంటి ముందున్న లాను సెంటున్నర. ఇంత చిన్న మాట ఉన్నదున్నట్టు రాయడానికి నాకు అరవై ఒక్క ఏళ్ళు పట్టింది. మొన్నమొన్నటిదాకా ఎవరడిగినా "ఉంటుందిలెండి, ఓ నాలుగు సెంట్లు" అనేవాణ్ణి. స్థలం విషయంలో మా వైపు అందరూ అంతే. కాకపోతే దానివల్ల ఎవరికీ నష్టం జరగదు. నా వల్ల జరిగింది.

నా పేరు స్టాన్లీ. ఆమదాలవలస స్టేషన్లో పార్సిలు క్లర్కుగా చేసి కిందటేడు రిటైరయ్యాను. జనం తెచ్చిన మూటలు తూచి, "ఇరవై కేజీలన్నావు, ముప్ఫై ఉంది కదయ్యా, సిగ్గులేదా?" అని ముప్ఫై ఏళ్ళు నిలదీసినవాణ్ణి. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాకే ఎక్కడో గుచ్చుకుంటుంది.

లాను వేసి తొమ్మిదేళ్ళయింది. కడియం నర్సరీ నుంచి కొరియన్ గడ్డి తెప్పించి పరిపించాను. పొందూరు పంచెలు పన్నెండు పక్కపక్కన ఆరేస్తే నిండిపోయేంత జాగా, అంతే. కానీ మా వీధిలో లాను ఉన్న ఇల్లు మాదొక్కటే. సాయంత్రం అందులో కుర్చీ వేసుక్కూర్చుంటే స్టేషన్ మాస్టరంతటివాణ్ణయిపోయినట్టు ఉండేది నాకు.

ఆ గడ్డి కోసేది జగ్గమ్మ. రైలుగేటు అవతల వీధిలో ఉంటుంది. అరవై అయిదు దాటి ఉంటాయి. పదిహేను రోజులకోసారి గోనెసంచీ, కొడవలి పట్టుకుని వస్తుంది. గొంతుక్కూర్చుని ఎడం చేత్తో గడ్డిని దువ్వి, కుడిచేత్తో కొడవలి నేలకి పరిచినట్టు పట్టి, వెనక్కి జరుగుతూ కోస్తుంది. కోసిన గడ్డి తన ఆవుకి పట్టుకుపోతుంది. మేం ఆవిడకిచ్చేదీ లేదు, ఆవిడ మాకిచ్చేదీ లేదు. మా వీధిలో మరో మూడిళ్ళ పెరళ్ళూ, మా బాప్టిస్టు చర్చి ఆవరణా కూడా ఆవిడే కోసేది. ఆ ఆవుకి ఆ గడ్డే ఆధారం. నేను వరండాలో కూర్చుని, "అదిగో, ఆ మూల వదిలేశావు" అని చెయ్యి చూపించేవాణ్ణి. నాకు తెలిసిన సూపర్వైజరీ పని అదొక్కటే.

రిటైరయ్యాక మనిషికి ఏదో ఒకటి పట్టుకుంటుంది. కొందరికి షుగరు, నాకు గడ్డి కోసే మిషను. ఫోనులో పొద్దస్తమానం అవే చూసేవాణ్ణి. మా ఆవిడ రూబీ హైస్కూల్లో తెలుగు టీచరు. ఆవిడ ఒకటే మాటంది.

"మన జాగాకి చేత్తో తోసుకునేది చాలండి. ఇంజన్లూ అవీ వద్దు. అసలు జగ్గమ్మ ఉండగా అదైనా ఎందుకు?"

ఏప్రిల్లో పదో తరగతి పేపర్లు దిద్దడానికి రూబీ విజయనగరం వెళ్ళింది. అక్కడ వాళ్ళ తమ్ముడింట్లో పది రోజులుంటుంది. ఆవిడ శుక్రవారం బయల్దేరింది. శనివారం జగ్గమ్మ వచ్చి లాను కోసి వెళ్ళింది. సోమవారం పొద్దున్న నేను శ్రీకాకుళం బస్సెక్కాను.

అక్కడ వ్యవసాయ పనిముట్ల కొట్టు శివాజీది. బుద్ధిమంతుడు. నేను మిషను అనగానే పెద్దది చూపించి అంటగట్టలేదు, పాపం.

"ముందు లానెంతో సెప్పండి సార్, మిషను సంగతి తరవాత. మూడు రకాలున్నాయి. ఇది సేత్తో తోసేది. కరెంటొద్దు, పెట్రోలొద్దు. నడిపిస్తే బ్లేళ్ళు తిరిగి కత్తెర్లాగ కోస్తాయి. రెండు మూడు సెంట్లకి దీన్ని మించింది నేదు. ఇది కరెంటుది. వైరు ఎనకాలే వస్తాది, సూసుకోకపోతే గడ్డితోపాటు వైరూ తెగుతాది. ఇది పెట్రోలుది. పది సెంట్లుంటేగానీ దీని జోలికెల్లకండి, తిప్పడానికే జాగా సాలదు."

నా చెయ్యి అప్పటికే చేత్తో తోసేదాని పిడి మీద ఉంది. తేలిగ్గా, బాగుంది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి, "ఏం స్టాన్లీ, నువ్వూ లాను పెంచుతున్నావా?" అని వినిపించింది. జగన్నాధం గారు. ఒకప్పుడు మా మీద ఇన్‌స్పెక్టరు. మామిడితోటకి నీళ్ళ పైపులు కొనడానికొచ్చారు. ఎకరాల మనిషి. నా చేతి కిందున్న మిషన్ని చూసి, "ఇదేంటయ్యా, పిల్లలాడుకునే బండిలా ఉంది" అని నవ్వారు.

"ఇది కాదండి, ఊరికే చూస్తున్నాను" అన్నాను. శివాజీ వైపు తిరిగి, "మాది పది సెంట్లుంటుంది. పెట్రోలుదే ఇచ్చెయ్యి" అన్నాను.

శివాజీ నమ్మేశాడు. నమ్మడా మరి, మెళ్ళో కళ్ళద్దాలు వేలాడేసుకున్న పెద్దమనిషి చెప్తే. "సార్, ఒక్క ముక్క గుర్తెట్టుకోండి. గడ్డి ఎంతున్నాదో అందులో మూడో వంతుకి మించి ఒక్కపాలి కొయ్యకూడదు. ఎత్తు పెట్టుకోడానికి ఇదిగో లివరు. ఎండాకాలం పైకే ఉంచండి" అన్నాడు. నేను జగన్నాధం గారు ఇంకా చూస్తున్నారో లేదో గమనించుకునే పనిలో ఉన్నాను. ఆ మాటలు ఒక చెవిలోంచి వచ్చి రెండో చెవిలోంచి పోయాయి.

ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చాను. లానులోకి దించితే, ఏం చెప్పను, గదంతా నిండిపోయిన మంచంలా ఉంది. అయినా ఇంజను స్టార్టు చేసే తాడు లాగాను. రెండు రోజుల కిందటే జగ్గమ్మ కోసిన గడ్డి అది, కొయ్యడానికి ఏమీ లేదు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ మిషను కొన్నాక ఎవడు ఆగుతాడు? లివరు అన్నిటికన్నా కిందికి ఉంది. అదేమిటో చూడకుండానే పిడి నొక్కాను. అది తనంతట తాను నడిచే రకమట. నేను దాన్ని నడిపిస్తున్నానో, అది నన్ను ఈడ్చుకుపోతోందో తెలియలేదు. నాలుగడుగులు వేసేసరికి మందారాల గట్టు. తిప్పడానికి చోటు లేక వెనక్కి లాగాను. మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి. పావుగంట తర్వాత ఆపి చూస్తే, మంగలి చేతిలో మిషను జారిన తలలా ఉంది లాను. చారలు చారలుగా మట్టి కనిపిస్తోంది.

నాలుగు రోజులు మూడు పూటలా నీళ్ళు పెట్టాను. ఆ ఎండలకి చారలు పసుపయి, పసుపు కాస్తా బూడిదరంగయింది. మిషన్ని పెరట్లో పాత సామాన్ల గదిలోకి తోసి, పైన టార్పాలిన్ కప్పి, తాళం వేసి, తాళంచెవి నా బీరువాలో పెట్టాను. దొంగసొమ్ము దాచినవాడికైనా అంత కంగారుండదు.

రూబీ వచ్చింది. గేటు తీస్తూనే చేతిలో సంచీ కింద పెట్టేసింది.

"అయ్యో, ఏటయిందండీ లానుకి?"

ఆ క్షణంలో నేను నిజం చెప్పి ఉంటే రూబీ ఓ అరగంట తిట్టేది. రాత్రికి నవ్వేది. అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. ఆ అరగంటకి భయపడ్డాను నేను.

"జగ్గమ్మ కోసింది" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆవిడ మీద చాడీ చెప్పినట్టు ఉండకూడదని కొంచెం జాలి కూడా కలిపాను. "పెద్దదయిపోయింది కదా పాపం, చూపు ఆనట్లేదనుకుంటాను. కొడవలి మట్టిలోకి దింపేసింది. ఏమీ అనకు."

అబద్ధానికి జాలి కలిపితే ఎంత దూరం పోతుందో నాకప్పుడు తెలియదు.

తర్వాతి శనివారం జగ్గమ్మ సంచీతో వచ్చి గేటు దగ్గర నిలబడిపోయింది. కొయ్యడానికి గడ్డి ఉంటే కదా. రూబీ మెత్తగా చెప్పింది, "జగ్గమ్మా, కిందటిసారి కొంచెం లోతుగా పడిందమ్మా కొడవలి. కళ్ళు ఏమైనా ఇబ్బందిగా ఉన్నాయా?"

జగ్గమ్మ లాను వైపు చూసింది. తర్వాత వరండాలో ఉన్న నా వైపు చూసింది. నేను పేపరు పైకెత్తుకున్నాను.

"నానేనా ఇలగ సేసినాను?" అంది. కిందకి వంగి మట్టిని చేత్తో తడిమింది. "నానే అయ్యుంటానమ్మా. ఆ దినం ఎండెక్కువున్నాది. ఎల్లినప్పుడు బాగానే అగుపించినాది మరి. అగుపించినాదనుకున్నానేమో. బాబూ, ఏటనుకోకండి. గడ్డి పాడుసేసినాను."

ఆవిడ దెబ్బలాడుతుందనుకున్నాను. "నాను కాదు, మీరే ఏటో సేసినారు" అని అరిస్తే ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. ఆవిడ నన్ను నమ్మింది. తన కళ్ళని కాకుండా నన్ను నమ్మింది. పేపరు వెనక నా మొహం కాలిపోయింది. అయినా పేపరు దించలేదు.

రూబీ మంచి మనిషి. అదే ముంచింది. చర్చిలో స్త్రీల సమాజంలో చెప్పింది, పాపం జగ్గమ్మకి చూపు తగ్గింది, చెయ్యి తెగితే కష్టం, ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకండని. వీధిలో మూడిళ్ళవాళ్ళూ, "నువ్విక రెస్టు తీసుకో జగ్గమ్మా" అన్నారు. చర్చి కమిటీలో ఆవరణ గడ్డి సంగతి వచ్చింది. కమిటీలో నేనూ సభ్యుణ్ణే. "ముసలావిడ చేత కొడవలి పట్టించడం పాపం, ఇంకెవర్నయినా చూద్దాం" అన్నారు. చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను.

ఆ తర్వాతి వారం, ఆదివారంనాడు, ఇంకా పెద్దది జరిగింది. ఆరాధన చివర్లో పాస్టరు జ్ఞానానందం గారు ప్రార్థన అవసరతలు చదువుతూ, "ఈరోజు జగ్గమ్మ గారు మన మధ్యకి వచ్చారు" అన్నారు. వెనక్కి తిరిగి చూశాను. జగ్గమ్మ మా చర్చి మనిషి కాదు. ఆవిడ దేవుళ్ళు వేరు. స్త్రీల సమాజంవాళ్ళు ప్రార్థన చేయిస్తే మంచిదని తీసుకొచ్చారు. ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, కోడలు అనూరాధ చెయ్యి పట్టుకుని నడిచి ముందుకొచ్చింది. మా ఇంటికి ఒక్కర్తీ గోనె మోసుకుంటూ వచ్చే మనిషి, తిన్నగా ఉన్న చాప మీద తడుముకుంటూ అడుగులు వేసింది.

"ఈవిడ కష్టం మొదట గమనించినది మన బ్రదర్ స్టాన్లీ గారు. వారే వచ్చి ఈ సహోదరి కళ్ళ కోసం ప్రార్థించాలి" అన్నారు పాస్టరుగారు.

లేచాను. లేవకుండా ఉండొచ్చు. ఆ ముక్క అక్కడే చెప్పొచ్చు. వంద మంది ఉన్నారు, అందుకే చెప్పలేకపోయాను. ఆవిడ తల మీద చెయ్యి పెట్టి, గొంతు కొంచెం వణికించి, "ప్రేమగల తండ్రీ, ఈ కుమార్తె కనుచూపును నీవే తిరిగి దయచేయుము" అని మొదలుపెట్టాను. నాకు ప్రార్థన బాగా వచ్చు, అది నా పీడ. మాట తర్వాత మాట దానంతటదే వచ్చేసింది. రెండుచోట్ల ఆడవాళ్ళు ముక్కులు చీదారు. నా అరచేతి కింద జగ్గమ్మ తల వెచ్చగా ఉంది. బాగున్న కళ్ళని బాగుచెయ్యమని దేవుణ్ణి అడుగుతున్నాను. పాడుచేసింది ఎవరో ఆయనకి తెలుసు. నా నోట్లోంచి అంత ధారాళంగా మాటలు రావడం చూసి నాకే నా మీద అసహ్యం వేసింది.

అయిపోయాక జగ్గమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీవు సల్లగుండాలి బాబూ. నా కోసరం దేవుణ్ణడిగినావు."

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. చెయ్యి కలపడానికి రాలేదు. రూబీకి మొత్తం చెప్పేశాను. పది సెంట్లన్న మాటా, జగన్నాధం గారూ, మిషనూ, అన్నీ. రూబీ కంచం పక్కకి జరిపి లేచింది. "చూపించండి" అంది. బీరువాలోంచి తాళంచెవి తీశాను. ఆవిడే టార్పాలిన్ లాగి, ఆ మిషన్ని చాలాసేపు చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నాకెందుకు చెప్తున్నారు ఇదంతా?" అంది. "నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఆవిడకి చెప్పండి."

"రేపు పొద్దున్నే వెళ్తాను."

"ఇప్పుడే వెళ్ళండి."

"నువ్వూ రా."

"గుళ్ళో అంతమంది ముందు ప్రార్థన చెయ్యడానికి మీకు తోడు అక్కర్లేకపోయింది. దీనికి కావాలా?"

మూడింటికి ఎండలో రైలుగేటు దాటాను. జగ్గమ్మ ఇంటి ముందు ఆవుని కట్టే గుంజ ఖాళీగా ఉంది. పక్కన తొట్టి ఎండిపోయి ఉంది. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో పనేమీ లేదు. తొమ్మిదేళ్ళలో ఆవిణ్ణి అలా ఉత్తచేతులతో ఎప్పుడూ చూడలేదు నేను. నా మొహంలోకి తిన్నగా చూసింది. చూసి కూడా, "ఎవులది? పార్సిలు బాబేనా?" అని అడిగింది.

"నేనే. ఆవేది?" అన్నాను. రావలసిన మాట రాక ముందు అది వచ్చింది.

లోపల్నుంచి అనూరాధ చెప్పింది, "అమ్మీసినాం బాబూ, లచ్చివారం. అత్తకి అగుపించదు, గడ్డెవులు తెస్తారు? కొడవలి కూడా ముట్టుకోనివ్వతనేను. పొయ్యికాడికి రానివ్వతనేను, సెయ్యి కాల్సుకుంటే?"

ఆవు పోయిందన్నమాట. అరుగు మీద ఆవిడ పక్కనే కూర్చున్నాను. దారిలో తయారుచేసుకున్న మాటలు మొదలుపెట్టాను. "జగ్గమ్మా, మనుషులం, బలహీనులం, ఒక్కోసారి తెలిసో తెలియకో..." ఆవిడ అర్థంకాక నా వైపు చూస్తోంది. ఆపేశాను.

"లాను పాడుచేసింది నువ్వు కాదు. నేను మిషను కొని పాడుచేశాను. నీ మీద చెప్పాను. నీ కళ్ళకేమీ కాలేదు."

ఆవిడ అడిగిన మాట నేను అనుకున్న వాటిల్లో లేదు.

"అయితే నా సూపు బాగానే ఉన్నాదా?"

"బాగానే ఉంది."

"ఓలమ్మో!" అని లేచి నిలబడింది. "ఒసే అనూరాధా, ఇలగ రాయే. బాబు ఏటంతన్నాడో ఇను. బాబూ, దీనికి మళ్ళీ సెప్పు."

కోడలికి చెప్పాను. ఎదురింటావిణ్ణి కేకేసింది, ఆవిడకీ చెప్పాను. పక్కింటి ముందు మంచం మీద పడుకున్న ముసలాయన్ని లేపి, "ఈడు నన్ను గుడ్డిదంతన్నాడు మొన్న. బాబూ, ఈడికీ సెప్పు" అంది. దారిన పోయే మరో ఇద్దరితో కలిపి, అలా అయిదుసార్లు. ఆవిడ నన్ను శిక్షించడానికి చెయ్యలేదు, నాకు తెలుసు. ఒక్కసారి వింటే నమ్మకం కలగలేదు ఆవిడకి. మొదట కోడలికి చెప్పినప్పుడు జగన్నాధం గారూ, ఎండలూ, మిషను లివరూ కూడా వచ్చాయి. అయిదోసారికి, "తప్పు నాది, ఈవిడ మీద అబద్ధం చెప్పాను" అన్నదొక్కటే మిగిలింది. ఎదురింటావిడ నా మొహం మీదే, "పెద్దోడివి, ఇదేం బుద్ధి?" అంది. నేను తల దించుకున్నాను.

జనం వెళ్ళిపోయాక జగ్గమ్మ మళ్ళీ అరుగు మీద కూర్చుంది. వీధి చివరిదాకా చూసింది, రెండు చేతులూ మొహం ముందు తిప్పి చూసుకుంది. నవ్వుతున్నట్టే ఉంది, కళ్ళలో నీళ్ళూ ఉన్నాయి. ఆవు సంగతి నేనే ఎత్తాను. కొన్నవాళ్ళెవరో చెప్తే వెళ్ళి బతిమాలుకుని తీసుకొస్తానన్నాను.

"ఆళ్ళది దూరం ఊరు బాబూ. పాలిచ్చే ఆవుని ఎవులిస్తారు మళ్ళీ?" అంది. కోపంగా కాదు, ఉన్నది చెప్పినట్టు.

"గుళ్ళో కూడా చెప్తాను. వచ్చే ఆదివారం అందరి ముందూ."

"సెప్పు. సెప్పకపోతే నన్నెవులూ రానివ్వరు." మళ్ళీ తనే అడిగింది, "బాబూ, ఒక మాటడుగుతాను. నాను కోసీసి ఎల్లినప్పుడు మీ గడ్డి బాగుండేదా?"

"చాలా బాగుండేది. ఎక్కడా ఎత్తుపల్లం ఉండేది కాదు."

"మరా ముక్క ఎప్పుడూ అననేదేటి?"

తొమ్మిదేళ్ళు వరండాలో కూర్చుని వదిలేసిన మూలలు చూపించాను. ఆవిడ పని గురించి పదిమందికి నేను చెప్పిన మాట ఒక్కటే, అదీ అబద్ధం.

"బాగుండేదని తెలిసుంటే," అంది జగ్గమ్మ మెల్లిగా, "నువ్వు సెప్పినప్పుడు నాను నమ్మకపోదును కదా."

నేను అక్కణ్ణుంచి లేవడానికి చాలాసేపు పట్టింది.